దానిమ్మ పూత

సూర్యకళగారు మరిడమ్మ గుడి నుంచి వచ్చేసరికి గాలివాన పెద్దాపురాన్ని ఊపేస్తోంది. డాబా మీది దానిమ్మ తొట్టె గుర్తొచ్చి, తడి చీరతోనే మెట్లెక్కారు. కడియం నర్సరీ నుంచి తెచ్చిన ఆ చెట్టు మూడేళ్ళకి ఇదే తొలిసారి పూయడం.

తొట్టె పక్కన కోడలు శ్రీదుర్గ నిలబడి ఉంది. గాలికి తిరగబడుతున్న గొడుగును రెండు చేతులతో చెట్టు మీద పట్టుకుంది. తను మాత్రం నిలువునా తడిసి వణుకుతోంది. ఎర్రటి పూలన్నీ కొమ్మలకే ఉన్నాయి.

"ఎంతసేపట్నుంచే ఇలా?"

"మీరు వెళ్ళిన కాసేపటికే మొదలైందండి వాన."

సూర్యకళగారికి చిర్రెత్తుకొచ్చింది. "మతిపోయిందేంటే నీకు? ఆసుపత్రి నుంచి వచ్చి పదిరోజులు కాలేదు! రెండడుగుల్లో మెట్లగది ఉంది కదా, తొట్టె లోపలికి లాగేస్తే సరిపోయేదిగా!"

శ్రీదుర్గ గొడుగు దించలేదు.

"కడుపు పోయినదాని చెయ్యి తగిలితే పూత నిలవదని మొన్న మీరే అన్నారు కదండీ, అత్తయ్యగారూ." ఆమె పళ్ళు టకటకమంటున్నాయి. "చెట్టునే కాదండి, తొట్టెని కూడా ముట్టుకోలేదు."