నాలుగో యూనిట్

"పుస్తకంల నా ముచ్చట రాస్తివి గదా. ఇగో, ఇది గూడ రాసుకో!"

లక్ష్మీనర్సమ్మ విసిరిన కాగితం దీవెన అన్నం ప్లేట్లో పడింది. దీవెన ఎడమచేత్తో దాన్ని తీసి, పప్పు తుడిచి చదివింది. పన్ను ఆఫీసు నోటీసు. నాచారంలో ఒకే షెడ్డులో తయారయ్యే పచ్చళ్ళను అత్త లక్ష్మీనర్సమ్మ పేరున సగం, కోడలి పేరున సగం అమ్ముతున్నారట. రెండూ కలిపితే జీఎస్టీ కట్టాల్సినంత వ్యాపారమట. మూడేళ్ళ పన్ను, పైన జరిమానా ఎందుకు కట్టరో పదిహేను రోజుల్లో చెప్పాలట.

"ఇది వాళ్ళకెట్ల తెల్సింది పెద్దమ్మా?"

"నన్నడుగుతున్నవా? వచ్చినాయన చేతుల నీ పుస్తకమే ఉన్నది. 'దీంట్ల మీ గురించి మస్తు రాసిన్రమ్మా' అని నవ్విండు. కోడలి పేరు సంగతి నేను నా సొంత చెల్లెకు గూడ చెప్పలే. నీకు చెప్పిన. నాతోటి మామిడికాయ ముక్కలు కోసుకుంట కూసుంటివి. నా బిడ్డ లెక్క అనిపిస్తివి. చెప్పిన."

"నేనెవ్వరికీ చెప్పలే."

"ఒట్టు పెట్టు."

"మేం క్రైస్తవులం, ఒట్లు పెట్టుకోం పెద్దమ్మా. చెప్తే చెప్పినట్టే."

"ఎవ్వరికి చెప్పనన్నప్పుడు గూడ గిట్లనే అంటివి."

దీవెన చెయ్యి కడుక్కుని వచ్చి, కామర్స్ పత్రిక తీసింది. నాచారంలోని ఆరు చిన్న యూనిట్ల మీద ఆమె రాసిన మొదటి పరిశోధనా వ్యాసం అందులోనే వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పెట్టి చూపించింది.

"సూడు పెద్దమ్మా. ఏడ గూడ నీ పేరు లేదు. పచ్చళ్ళని గూడ రాయలే. నాలుగో యూనిట్ రెండు పేర్ల మీద అమ్ముతదని రాసిన, గంతే."

"నాలుగోది నాదే అని ఎవలకు తెల్సు?"

"నాకు తెల్సు." దీవెన పత్రిక మూసింది. "నరేందర్ సార్‌కు తెల్సు. నా గైడు."

"ఏడ ఉంటడు?"

"ఉప్పల్‌ల."

"నడువు."

చిల్కానగర్ చౌరస్తాలో ఆటో ఎక్కారు. లక్ష్మీనర్సమ్మ తన సంచీని ఇద్దరి మధ్యా పెట్టుకుంది. ఆమె చీర కొంగు ఆవపొడి వాసన వేస్తోంది.

"ఎనిమిది మంది ఆడోళ్ళు పొద్దున్నే వచ్చి షెడ్డు ముంగట నిలవడతరు. తాళం ఏసుకుంటున్న, ఇంటికి పోండ్రి అని ఎట్ల చెప్పాలె? నువ్వే వచ్చి చెప్పు బిడ్డా. నీకు మాటలు మంచిగ వస్తయి."

దీవెన బయటికి చూస్తూ కూర్చుంది. ఆమెకు ఒకటే గుర్తొస్తోంది. పోయిన వారం సార్ పన్ను అధికారులకు రెండు రోజులు పాఠం చెప్పి వచ్చాడు. వాళ్ళు కప్పిన శాలువా కూడా చూపించాడు.

నరేందర్ సార్ తలుపు తీసి నవ్వాడు. "రామ్మా దీవెనా. చాయ్ తాగుతరా?"

"వద్దు సార్. నాలుగో యూనిట్ ఎవలదో ఆఫీసర్లకు చెప్పిన్రా?"

సార్ నవ్వు ఆగిపోయింది. దీవెన ఇచ్చిన నోటీసును నిలబడే చదివాడు.

"నన్నా అడుగుతున్నవు?"

"మీకూ నాకూ తప్ప ఎవలకూ తెల్వదు సార్. నేను చెప్పలే."

"ఆ పేర్ల లిస్టు చూసిన్నాడే నీ చేతికి తిరిగి ఇచ్చిన గదమ్మా. మళ్ళ ఆ పేర్లు నోట్లకు గూడ రానియ్యలే."

"మరి శాలువా ఊకెనే కప్పిన్రా?"

ఆ మాట నోరు జారిందని దీవెనకే తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

"పది మంది కడుపు కొట్టి శాలువ కప్పుకున్నవా సారూ!" లక్ష్మీనర్సమ్మ అరిచింది. "అది చిన్నపిల్ల, దానికి తెల్వదు. నీ నెత్తి వెంట్రుకలు తెల్లబడ్డయి గదా, నీకన్న బుద్ధి ఉండద్దా?"

"నాలుగేండ్ల సంది చెప్తున్న ఈ పిల్లకు," సార్ నోటీసు మడిచి దీవెనకు తిరిగి ఇచ్చాడు. "వ్యాసం మీద నా పేరు గూడ వద్దన్న. అంతా నీ కష్టమే, నీ పేరే ఉండాలె అన్న."

"అందుకే వద్దన్నరేమో," అంది దీవెన. "రేపు ఏదన్న అయితే నా మీదికే వస్తదని. రేపే డిపార్ట్‌మెంట్‌ల రాసిస్త సార్. నాకు వేరే గైడు కావాలె."

సార్ బల్ల దగ్గరికి నడిచాడు. బల్ల మీద పోస్టులో వచ్చిన కవరు ఇంకా విప్పకుండానే ఉంది. దాన్ని చించి పత్రిక బయటికి తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని దీవెన వ్యాసం మొదటి నుంచి తిప్పాడు. ఒక పట్టిక చూశాడు, ఇంకో పట్టిక చూశాడు. తల అడ్డంగా ఊపుతూ చివరి పేజీకి వచ్చాడు. అక్కడ ఒక పేరా మీద వేలు పెట్టాడు.

"ఈ ఆఖరి పేరా నాకు చూపించిన దాంట్ల లేదు. ఎప్పుడు కలిపినవు?"

"అచ్చుకు పంపే రోజు సార్. అది వ్యాసం కాదు గదా. ఊకె మర్యాద కోసం..."

సార్ పత్రికను ఆమె చేతిలో పెట్టాడు. "ఆమెకు ఇంగ్లీషు రాదు. నువ్వే తెలుగుల చదివి వినిపియ్యి."

"నాకెందుకు చదువుడు?" అంటూనే లక్ష్మీనర్సమ్మ దగ్గరికి జరిగింది.

దీవెన చదవడం మొదలుపెట్టింది. రెండో పేరుకే ఆమె చదువు నెమ్మదించింది. అయినా ఆపలేదు.

"నన్ను నమ్మి తమ లెక్కలన్నీ విప్పి చూపిన ఆరుగురికీ, యూనిట్ల వరుసలోనే, నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఒకటి, బుచ్చిబాబు గారు. రెండు, శ్యామలమ్మ గారు. మూడు, శాంసన్ గారు. నాలుగు, లక్ష్మీనర్సమ్మ గారు."