తవిటమ్మ చుట్టాలు

పెనం మీద మూడో అట్టు కూడా మాడిపోయింది.

తవిటమ్మ మనసు పొయ్యి దగ్గర ఉంటే కదా! అది పొద్దున్నుంచీ వీధి మలుపులోనే ఉంది.

మునిసిపాలిటీ శానిటరీ ఇనస్పెక్టరు ఈ పూట వస్తాడని నిన్ననే కబురు తెలిసింది.

మట్టి నేల ఇంటికి టిఫిను లైసెన్సు ఇవ్వరట. నాపరాళ్లు పరిపించాలట, పొగగొట్టం కట్టించాలట. అంత ఉన్నది అట్లెందుకు పోస్తుంది, వాళ్ల తలకాయ!

పోయినసారి పిండి పారబోయించి వదిలేశారు. ఈసారి దొరికితే పెనం పట్టుకుపోయి కోర్టుకి లాగుతారు. పందొమ్మిదివందల అరవయ్యేడులో మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆ పెనమే ఆవిడకి దిక్కు.

జూటుమిల్లులో షిఫ్టు దిగినవాళ్లు అరడజను మంది చాపల మీద కూర్చుని తింటున్నారు.

"ఎవులడిగినా సుట్టాలమని సెప్పండి. సుట్టాలకి పెట్టుకుంటే ఏ లైసెన్సూ అక్కర్నేదు," అంది ఆరోసారి.

"సెప్తాం గానీ, ముందా మంట తగ్గించు," అన్నాడు సోములు.

లేచింది. కూర్చుంది. గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. మళ్లీ వెళ్లబోయేసరికి ఎదురుగా ఇనస్పెక్టరు నరసింగరావు, గొడుగు ముడుచుకుంటూ.

"ఏటి, ఇంట్లో పెళ్లా?"

"సుట్టాలొచ్చేరు బాబూ."

అతను సోములు వైపు తిరిగాడు.

"ఈవిడ నీకేటవుతాది?"

"మా మేనత్త."

"నీకో?" అని పక్కనే తింటున్న సోములు పెళ్లాం జగ్గమ్మని అడిగాడు.

"మాయమ్మ సెల్లెలు. పిన్ని."

మొగుడికి మేనత్తా, పెళ్లానికి పిన్నీనా! దిక్కుమాలినవాళ్లు, ముందే ఒక మాట అనుకుని చావలేదు!

"మాది మేనరికం బాబూ," అంది జగ్గమ్మ చట్నీ నంజుకుంటూ. "ఆడి మేనత్తలే నాకు అమ్మా, పిన్నీని."

నరసింగరావు వేళ్లు మడిచి వావి వరసలు సరిచూసుకున్నాడు. తప్పు దొరకలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. తవిటమ్మకి జగ్గమ్మని కావలించుకోవాలనిపించింది.

అతను మాత్రం కదల్లేదు. జేబులోంచి మడత కాగితం తీశాడు.

"మేనత్తంటే మీ నాన్నకి తోడబుట్టింది. అంతేనా?"

"అంతే బాబూ," అన్నాడు సోములు ధీమాగా.

"ఈవిడికి ఒక్కడే తమ్ముడని విన్నాను. శృంగవరపుకోట బస్సులు ఆగే చోట హోటలుంది చూడు, ఆ జగన్నాధం. ఆయనకి అందరూ ఆడపిల్లలే." కాగితం విప్పాడు. "ఈవిడ మీద పిటీషను పెట్టింది కూడా ఆయనే."

సోములు చేతిలో అట్టుముక్క చేతిలోనే ఉండిపోయింది.

తవిటమ్మకి చదువు రాదు. తమ్ముడి సంతకం మాత్రం ఎరుగును. కాగితం అడుగున అదే ఉంది. వాడికి పలక కొనిచ్చి, చంకనెత్తుకుని బడిలో దింపి వచ్చింది ఆవిడే. కడుపు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

"సెప్పమ్మా. జగన్నాధం నీకేటవుతాడు?"

తమ్ముడంటే సోములు అబద్ధం బయటపడుతుంది, పెనం పోతుంది. చాపల మీద వాళ్లంతా తినడం మాని ఆవిడనే చూస్తున్నారు.

"ఆయన మాకేటీ అవరు బాబూ," అంది తవిటమ్మ.