పై అంతస్తు చెప్పులు

“పైన తొమ్మిది జతల చెప్పులక్కా!” మెట్లు దిగుతూ చెప్పింది రమ్య దగ్గర పనిచేసే సంతోషి.

“నిన్నెవరు లెక్కపెట్టమన్నరే?”

“పొద్దుగాల నువ్వే గదా చూసి రమ్మన్నవ్!”

రమ్య రిజిస్టరు తెరిచింది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న బిల్డింగులో మొదటి అంతస్తు రమ్య కౌన్సెలింగ్ సెంటర్. పై అంతస్తు సీతామహాలక్ష్మి గారిది; ఆమెదీ కౌన్సెలింగే.

“హెల్త్ ఇన్సూరెన్స్ కార్డులు చెల్లుతాయి” అని రమ్య బోర్డు.

“ఇన్సూరెన్స్ తీసుకోము, ఫీజు మీరే కట్టాలి” అని పై బోర్డు.

అయినా జనం రమ్య గుమ్మం దాటి పైకే ఎక్కేవారు. ఎక్కే ప్రతి జతా ఆమె గుండెల మీద నుంచే నడిచేది.

ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి రమ్య. నెలకు ఇరవై మంది రాకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తామని ఇన్సూరెన్స్ కంపెనీ ముందే చెప్పింది. ఎలాగో ఇరవై దాటుతోంది. పైన మాత్రం కూర్చోవడానికి చోటుండదు.

“పైసలు గుంజినా ఆమె దగ్గరికే పోతరేంది?”

“ఆమె చీర చూసినవా అక్కా? ఇస్త్రీ మడత చెదరదు.”

“నీ పని నువ్వు చూసుకో.”

ఒకరోజు సీతామహాలక్ష్మి మెట్ల మీద ఎదురైంది.

“ఏమ్మా రమ్యా, మీ ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్కొక్కరికి ఎన్ని సిట్టింగులకి డబ్బిస్తుంది?”

“మీకెందుకు మేడమ్? మీరు కార్డులు ముట్టరు గదా!”

“ముట్టనమ్మా. కంపెనీవాళ్ళు జబ్బు పేరు రాసి పంపమంటారు. ఆ పేరు ఆఫీసులో తెలుస్తుందేమోనని హడలిపోయేవాళ్ళుంటారు. వాళ్ళెక్కడికి వెళ్తారు చెప్పు?”

“ఎనిమిది సిట్టింగులు,” అంది రమ్య ముక్తసరిగా. తన దగ్గరికి వచ్చే ఆ కొద్దిమందినీ లాక్కోవడానికే ఈ ఆరా అనుకుంది.

ఆ సాయంత్రమే ఓనర్ రామమోహనరావుకు ఫోన్ చేసింది.

“సార్, మెట్ల నిండ చెప్పులే. నా పేషెంట్లు జారిపడితే ఎవరిది జిమ్మేదారి?”

నిజానికి ఎవరూ జారలేదు.

ఓనర్ ఖాళీ చేయమంటే, నెల తిరిగేసరికి సీతామహాలక్ష్మి మారుమాట లేకుండా గది ఖాళీ చేసింది. వెళ్తూ రమ్య తలుపు దగ్గర ఆగింది.

“ఎల్బీ నగర్ అవతలికి వెళ్తున్నానమ్మా. ఎనిమిది సిట్టింగులయ్యాక కూడా ఎవరైనా చెప్పుకోవడానికి వస్తే, విను. మధ్యలో వదిలేయకు.”

“పోతూ పోతూ కూడా పాఠాలే,” గొణుక్కుంది రమ్య.

ఇక ఆ చెప్పులన్నీ తన గుమ్మం ముందే అనుకుని, కొత్త చెప్పుల స్టాండు కూడా కొంది.

మొదటి వారం ముగ్గురొచ్చారు. రెండో వారం ఒక్కరు. మూడో వారం స్టాండులో సంతోషి చెప్పులు తప్ప ఏమీ లేవు.

నాలుగో వారం సీతారాములు అనే పెద్దమనిషి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పైదాకా ఎక్కాడు. తాళం చూసి కిందికి దిగాడు.

“పై మేడమ్ లేదామ్మా?”

“ఖాళీ చేసింది. కార్డుందా? కూర్చోండి, నేను చూస్త.”

“వీనికి కార్డుందమ్మా. ఎప్పటి లెక్కనే ఆమెనడిగి నీ దగ్గరికి వద్దామని...”

“నా దగ్గరికి రానీకి ఆమెను అడుగుడేంది?”

సీతారాములు వింతగా చూశాడు.

“మా ఇంటామె ఈరమ్మ గూడ అట్లనే వచ్చె గదమ్మా!”

ఈరమ్మ. రమ్య మొట్టమొదటి పేషెంటు. ఎవరు పంపారని కంపెనీ ఫారం అడగదు. రమ్యా అడగలేదు. పైకెక్కే చెప్పులనే చూసింది గానీ, దిగేవి ఎటు పోతున్నాయో ఏనాడూ చూడలేదు.

“‘కార్డున్నోళ్ళు నాకు పైసలెందుకు కట్టాలె, కింద రమ్య ఉన్నది, నా కంటె ఓపికగ వింటది’ అనుకుంట, కార్డున్న ప్రతి ఒక్కల్ని మెట్లు దింపి నీ దగ్గరికి పంపింది ఆ మేడమే గద బిడ్డా, నీకు చెప్పలేదా?”