పెద్దమద్ది దాకా

నడక మొదలై గంటైనా కాలేదు, గైడు త్రినాథ్‌కి అనుమానం పట్టుకుంది. ఆ నీలం చొక్కా ఆయన నీళ్లు తాగడం లేదు.

పొద్దున్నే పలాసలో వ్యానెక్కిన పన్నెండు మందిలో ఆయనొకడు. పేరు ఢిల్లేశ్వరరావు. అక్కుపల్లి పక్కన ఊరు. వెంట భార్య దాలమ్మ. కొండల్లో ఉన్న జాతీయ పార్కుకి తీసుకెళ్లి, మెడ నొప్పెట్టేంత ఎత్తు చెట్లు చూపించి, సాయంత్రానికి మళ్లీ పలాసలో దింపెయ్యడం త్రినాథ్ పని. మిగతా వాళ్లంతా ఎండకి సీసాలకి సీసాలు ఖాళీ చేస్తున్నారు. ఈయన మూతైనా తియ్యలేదు.

ఇంటికో కిడ్నీ రోగి ఉండే ఉద్దానం మనిషి. నీళ్లు తాగడు. ఇంకేం కావాలి? త్రినాథ్ గుండె జారిపోయింది.

జారదూ మరి! పోయినేడాది ఒకాయన డయాలసిస్ చేయించుకుంటున్న సంగతి దాచిపెట్టి వచ్చాడు. ఆ జబ్బుకి నీళ్లు గుక్కల లెక్కన తాగాలి. మించితే ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఆయన దాహానికి తాళలేక దారిలో వాగునీళ్లు కడుపారా తాగేశాడు. నలుగురూ మోసుకుని కొండ దిగేసరికి ప్రాణం లేదు. ఆ జబ్బున్న వాళ్లని చివరి పెద్దమద్ది చెట్టు దాకా తీసుకెళ్తే గైడు కార్డు లాగేసుకుంటామని పార్కువాళ్లు అప్పుడే చెప్పేశారు.

“మావా, నీళ్లు తాగవేటి?” అని అడిగాడు త్రినాథ్.

“దాహం నేదు బావూ.”

దాహం లేకపోవడమేమిటి, పెదాలు ఎండి తొక్కలు లేస్తుంటే!

బాట మలుపు తిరిగిన చోటల్లా ఢిల్లేశ్వరరావు ఓ రాయి చూసుకుని కూర్చునేవాడు. “ఆయాసం బావూ, రెండు నిమిషాలు” అనేవాడు. పక్కనే దాలమ్మా కూలబడేది. ఎడం చెయ్యి కొంగులో చుట్టుకుని, నోట్లో లవంగం చప్పరిస్తూ, చెట్ల కొసలకేసి చూస్తుండేది. ఆవిడా నీళ్లు ముట్టలేదు. కట్టుకున్నవాడు తాగకపోతే ఆవిడకి మాత్రం గొంతు దిగుతుందా పాపం, అనుకున్నాడు త్రినాథ్.

“రేపు తొమ్మిదింటికి పలాస ఆస్పత్రిలో ఉండాల. అందుతాం గదా?” అని ఢిల్లేశ్వరరావు రెండోసారి అడిగేసరికి ఆ కాస్త అనుమానమూ తీరిపోయింది. త్రినాథ్ ఆయన్ని చెక్కబెంచీ దగ్గర ఆపేశాడు.

“నిజం సెప్పు మావా. కిడ్నీయేనా?”

ఢిల్లేశ్వరరావు భార్య వంక చూశాడు. ఆవిడ కళ్లతోనే బతిమాలింది. ఆయన తల దించుకున్నాడు.

“ముందే సెప్పాల గదా! నా పొట్ట కొట్టీసినావు. పదండి, ఎనక్కి పోదాం.”

“అంత మాటనకు బావూ. నన్నిక్కడే వొదిలీ. దీన్ని మాత్రం తీస్కెళ్లు.” ఆయన బెంచీ మీద చతికిలబడ్డాడు. “తుపాన్లో మాయి అరవై కొబ్బరి చెట్లూ ఒక్క రాత్రిలో పడిపోనాయి. పిల్లల్లా పెంచుకుంది. గాలికి పడని పెద్ద చెట్టు ఒక్కటి ముట్టుకుంటే సాలంటాది. మల్లీ తీసుకొచ్చే రోజు మాకు రాదు బావూ.”

త్రినాథ్ కరిగిపోయాడు. రేపో మాపో పోయేవాడు పెళ్లాం ముచ్చట తీర్చాలని చూస్తున్నాడే! పార్కువాళ్లు జబ్బున్న వాళ్లని వద్దన్నారు గానీ, వాళ్ల పెళ్లాల్ని వద్దనలేదు కదా. ఆయన్ని బెంచీ మీద వదిలి, ఆవిణ్ణి నెమ్మదిగా నడిపించుకుంటూ పెద్దమద్ది దగ్గరికి తీసుకెళ్లాడు.

ఎనిమిది మంది చేతులు పట్టుకున్నా చుట్టు అందని మాను అది. మిగతా యాత్రికులు అప్పటికే ఫొటోల్లో మునిగి ఉన్నారు. దాలమ్మ వెళ్లి బెరడుకి నుదురు ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

“ఎన్ని తుపాన్లు సూసిందో. ఇది పడిపోనేదు సూడు నాయినా” అంది. కళ్లు తుడుచుకోబోయి మళ్లీ కొంగు ఎడం చేతి మీదికి లాక్కుంది.

త్రినాథ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. బ్యాగులోంచి లీటరు సీసా తీశాడు.

“తాగు అత్తా. ఇక్కడ మావ సూడడు గదా.”

దాలమ్మ వెనక్కి తిరిగి బాట వంక చూసింది.

“సూడడా?”

“ఇంత దూరానికి ఏటి సూత్తాడు?”

ఆవిడ సీసా అందుకుంది. ఎత్తింది ఎత్తినట్టే తాగింది. గెడ్డం మీంచి నీళ్లు కారి జాకెట్టు తడిసింది. సీసా దించి నవ్వింది. పొద్దున్నించీ అదే మొదటి నవ్వు.

“ఇంకోటి ఉన్నాదా నాయినా?”

ఉంది. అదీ ఇచ్చాడు. అదీ ఖాళీ చేసింది.

“సల్లగా ఉన్నాది. ఇంక సాలు” అంది దాలమ్మ, మళ్లీ ఆ మానుని నిమురుతూ.

ఏడేళ్ల గైడు పనిలో ఇంత మంచిపని ఎప్పుడూ చెయ్యలేదనుకున్నాడు త్రినాథ్. బెంచీ దగ్గరికి తిరిగి రాగానే ఆగలేక చెప్పేశాడు.

“అత్త పెద్దమద్దిని వాటేసుకుంది మావా! నువ్వు తాగవని పొద్దున్నించీ నోరు కట్టుకుంది, పాపం. రెండు సీసాలూ నానే తాగించాను. కోప్పడకు.”

ఢిల్లేశ్వరరావు లేచాడు. ఖాళీ సీసాలు రెండూ లాక్కుని తలకిందులుగా పట్టి చూశాడు. దాలమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. ఆయన మళ్లీ బెంచీ మీద కూలబడ్డాడు.

“జబ్బు నాది కాదు బావూ, దానిది. ఆ కొంగు కిందున్నయి డయాలసిస్ సూదిపోట్లే. అది తాగకూడదని రెండేళ్లుగా దాని ముందు నానూ తాగడం మానీసినాను.”