లైనుకి ముందు ఖాళీ

ఆగండాగండి, అప్పుడే వెళ్ళిపోకండి. ముందు ఈ పాట వినండి.

'వల నిండా గాలే పడింది' అని ఒక గొంతు పాడుతుంది. ఆగుతుంది. గిటారూ ఆగుతుంది. ఊపిరి పీల్చి వదిలేంత ఖాళీ. అప్పుడు గానీ 'అయినా లాగుతున్నాను' అని రెండో లైను రాదు.

పాటంతా ఇంతే. ప్రతి లైనుకీ ముందు ఆ ఖాళీ.

ఎందుకు?

నిఖిల్‌కి అన్నం సహించనివ్వని ప్రశ్న అదే.

2006లో, విశాఖలో చదువు అవగానే, అరువు తెచ్చిన హ్యాండీక్యామ్‌తో కాశీబుగ్గలో ఫ్లోరెన్స్ అత్త ఇంట్లో దిగాడు. 'ఉప్పుగాలి' మీద డాక్యుమెంటరీ తీస్తున్నాడు. చర్చి కుర్రాళ్ళూ సముద్రం ఒడ్డు కుర్రాళ్ళూ కలిసి పెట్టిన రాక్ బ్యాండు అది. పలాస నుంచి టెక్కలి దాకా ఊపేసి, ఒకరోజు విడిపోయింది. పాడే క్రాంతికుమార్, బ్యాండు పాటనే ఒకదాన్ని ఒంటరిగా మళ్ళీ రికార్డు చేసి, రాయపూర్ వెళ్ళిపోయాడు. ఆ పాటే మీరిప్పుడు విన్నది.

ఆదివారం సాయంత్రం చర్చి హాల్లో సినిమా వేస్తానని నిఖిల్ మాటిచ్చేశాడు. క్రాంతికుమార్ కూడా రైలెక్కి వస్తానన్నాడు. ఆ ఖాళీ సంగతి తేలకపోతే సినిమాలో ప్రాణమే లేదు.

ఫోన్లో అడిగితే క్రాంతికుమార్ నవ్వాడు.

"పాట వాడుకో తమ్ముడూ. కారణం నన్నడక్కు. అక్కడే ఉన్నాది, సూసుకో."

ఎక్కడ చూడాలి?

బ్యాండులో డ్రమ్స్ వాయించిన ఈశ్వర్ ఇప్పుడు జీడిపప్పు కొట్టు నడుపుతున్నాడు.

"ఎవలో అమ్మాయి కోసవంటారు," అన్నాడు. "నానైతే ఆడికి ఆయాసవనుకున్నాను."

"బ్యాండు స్టేజీ మీద పాడిన క్యాసెట్టులో ఆ ఖాళీ లేదన్నా. నీ డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి. మధ్యలో ఎవరిదో గొణుగుడు."

"ఆ మైకు పాడుది బావా. గొణుగుడు తీసిపారీ."

ఆ క్యాసెట్టు పెట్టి, వింటున్న ఈశ్వర్ మొహాన్ని తీయడం మొదలుపెట్టాడు నిఖిల్. అంతలో గొడుగు చంకన పెట్టుకుని ఒక ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు. పాట వింటూ, రాబోయే లైను ముందే పైకి అనేస్తున్నాడు.

"కట్. తాతగారూ, రికార్డింగ్ అవుతోంది."

"అలవాటు బాబూ. నోరు ఊరుకోదు."

మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే.

"సినిమాలో ఏసం ఇత్తారనొచ్చీసినావేటి తాతా?" అన్నాడు ఈశ్వర్.

"నాకేసమెందుకురా? పాట ఇనబడితే వచ్చినాను."

"కొంచెం బయట కూర్చుంటారా?" అన్నాడు నిఖిల్, వీలైనంత మర్యాదగా.

"ఓ, అలాగే."

ముసలాయన బయట కాసేపు కూర్చున్నాడు. జలంత్రకోట బస్సు హారన్ వినగానే గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ టేపు మీదే మళ్ళీ తీశాడు నిఖిల్. ముసలాయన చెరిగిపోయాడు.

కంప్యూటర్లో బ్యాండు పాట నుంచి గొణుగుడంతా శుభ్రంగా తీసేశాడు. ఒంటరి పాటలో కారణం దొరకని ఆ ఖాళీల్లో ఉద్దానం తీరపు అలల చప్పుడు నింపాడు. భలే కుదిరింది.

శుక్రవారం పొద్దున్న ఫ్లోరెన్స్ అత్త తలుపు తట్టింది.

"మన చర్చి కాలేబు తాత పోనాడు. భూస్థాపనకి ఎల్లాల, తోడు రా."

పెట్టెలోకి చూసి నిఖిల్ నిలబడిపోయాడు. గొడుగు తాత.

చర్చివాళ్ళు భక్తిపాట ఎత్తుకున్నారు. ఒక లైను పాడి, అందరూ ఆగారు. ఊపిరి పీల్చి వదిలేంతసేపు. తర్వాతి లైను పాడి, మళ్ళీ ఆగారు.

నిఖిల్ అత్త చెవి దగ్గరికి వంగాడు.

"అత్తా, ఎందుకాగుతున్నారు?"

"మాలో సదువు రానోల్లే ఎక్కువ కదా నాయినా. తాత లైను ముందు సెప్తాడు, మేం అందుకుంటాం. ఇన్నేల్ల అలవాటు. సెప్పీవోడు పెట్టెలో ఉన్నాడని సెవికి తెలవద్దా?"

అత్త కళ్ళు తుడుచుకుంది.

"క్రాంతిగాడికీ ఈయనే. ఆడు టేజీ ఎక్కితే ఒక్క మాట గుర్తుండీది కాదు. ఈయన తెరెనకాల నిలబడి అందించీవోడు. బేండోల్లకే తెల్దు."

నిఖిల్ ఇంటికి పరుగెత్తాడు. పాత క్యాసెట్టు పెట్టి, హెడ్‌ఫోన్స్ చెవులకి నొక్కుకున్నాడు. డ్రమ్స్ కింద, గొణుగుడులో, నెమ్మదైన ఒక గొంతు: 'అయినా లాగుతున్నాను.' ఆ వెంటనే క్రాంతికుమార్.

ఒంటరి పాటలోంచి అలలు తీసేసి, ఖాళీలో ఆ గొంతు పెట్టి చూశాడు. అక్షరం మిగలకుండా, తగ్గకుండా సరిపోయింది.

అది ఒంటరి పాట కాదు. కాలేబు తాత చెప్పేదాకా ఆగి, ఆయన చెప్పింది విని, క్రాంతికుమార్ పాడిన పాట.

ఆదివారం వచ్చింది. కాసేపట్లో హాల్లో దీపాలు ఆర్పుతారు. ముందు వరసలో క్రాంతికుమార్ కూర్చున్నాడు. తాత పోయాడని రైలు దిగాకే తెలిసింది అతనికి. నిఖిల్ దగ్గర సినిమా రెండు రకాలుగానూ సిద్ధంగా ఉంది.

ఆ ఖాళీలో తాత గొంతు పెట్టాలా, ఆయన కోసం ఉంచిన చోటుని ఖాళీగానే వదిలేయాలా? మీరైతే ఏం చేస్తారు?