పదకొండో అక్టోబరు

విడాకులయ్యాక డెట్లెఫ్ తన కూతురు ఫెన్యాను కలుసుకునేది ఏటా ఒక్కసారే, అక్టోబరులో జర్మనీలోని ఎసెన్‌లో జరిగే బోర్డు గేముల జాతరలో. ఇది పదకొండో ఏడు.

ఆట మధ్యలో ఫెన్యా తన చేతిలోని ముక్కలు బల్లమీద పెట్టేసింది.

"నాన్నా, తిట్టకు. ఈ ఆటలంటే నాకు ఎప్పుడో విసుగొచ్చేసింది. నువ్వు బాధపడతావని వస్తున్నా."

డెట్లెఫ్ తెల్లబోయాడు. ఆనక పగలబడి నవ్వాడు.

"నాకు మొదట్నించీ విసుగేనే, పిచ్చిపిల్లా! నీకిష్టమని ఏడాదంతా రూల్సు బట్టీపట్టి వచ్చేవాణ్ణి."

"మరి చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా?"

ఆటను పెట్టెలో సర్దేసి, వేయించిన బంగాళాదుంపలు తెచ్చుకుని ఎదురెదురుగా కూర్చున్నారు.

"కాలేజీ ఎలా ఉంది?" అన్నాడు డెట్లెఫ్.

"బాగానే ఉంది."

ఆ తర్వాత ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు.

ఆరింటి రైలుకు వెళ్లాల్సిన ఫెన్యా మూడింటి రైలుకే లేచింది. డెట్లెఫ్ ఉండమనలేదు.