టార్చి పట్టే మనిషి

శనివారం సాయంత్రం మందుల షాపు నుంచి వచ్చిన ఆవిడ, చెప్పులైనా విప్పకుండా హాల్లో నిలబడి చెవులు రిక్కించింది. లోపలి గది తలుపు వేసే ఉంది.

"ఇదిగో, మళ్లీ మొదలెట్టిందోయ్ మొండిఘటం!" లోపల్నుంచి కేక.

ఆవిడ మొహం వెలిగింది. వెంటనే తమాయించుకుని, "అయ్యో, మళ్లీనా?" అంది, వీలైనంత దిగులుగా.

కేక వేసింది భర్త. మొండిఘటం ఆయన కంప్యూటర్. ఆయన ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. ఆ కంప్యూటర్‌ని కూడా బజార్లో తయారుగా దొరికేది కొనలేదు, ఒక్కో భాగమూ తెచ్చి తనే బిగించుకున్నాడు. పొద్దున లేస్తే తలుపేసుకుని దాని ముందే. చెడ్డవాడేం కాదు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు, అంతే. భోజనం దగ్గర "చాలు". పడుకోబోయే ముందు "లైటు తియ్యి". వారమంతా కూడబెట్టినా ఆయన మాటలు గుప్పెడు కావు.

ఆవిడ పగలల్లా షాపులో నిలబడి వచ్చినవాళ్లందరినీ పలకరిస్తుంది. దగ్గు తగ్గిందా, రాత్రి నిద్ర పట్టిందా అని. ఆ మాట తనను అడిగేవాళ్లు లేరు. ఇంటికొస్తే వేసిన తలుపు. ఇద్దరున్న ఇంట్లో ఒంటరితనం మరీ చేదుగా ఉంటుందని ఆవిడకు చాలాసార్లు అనిపించింది. ఎవరితో చెప్పుకుంటుంది?

ఒకప్పుడు ఆదివారాలూ ఆ తలుపు వెనకే పోయేవి. కంప్యూటర్ పుణ్యమా అని ఇప్పుడు పోవడం లేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన నేల మీద పాత పేపర్లు పరిచి, దాన్ని పక్కకు పడుకోబెట్టి మూత తీస్తాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని టార్చి పట్టుకోవాలి. ఊడదీసిన స్క్రూలు ఆవిడ ఎడమ అరచేతిలో పోస్తాడు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము బ్రష్షుతో దులుపుతూ, "మా మేనమామ సైకిలు కూడా ఇలాగే కిర్రుమనేదోయ్" అని మొదలెడతాడు. ఇక ఆపడు. ఆ సైకిలు మీంచి పడ్డ సంగతి, మోకాలి దెబ్బ వాళ్ల నాన్నకు కనపడకుండా వారం రోజులు పొడుగు లాగు తొడుక్కున్న సంగతి. ఆవిడ నవ్వితే టార్చి వెలుగు ఊగుతుంది. "కదపకు, కదపకు" అంటూ తనూ నవ్వుతాడు.

"చెయ్యి నొప్పి పుడుతోందా?" అంటాడు మధ్యలో.

"లేదండీ" అంటుంది. చెయ్యి లాగేస్తూనే ఉంటుంది.

అన్నీ బిగించాక ఒక స్క్రూ మిగులుతుంది. ఎక్కడిదో ఇద్దరికీ తెలియదు. "కాస్త సర్దుకోనీ, రేపు చూద్దాం" అని మూత వేసేస్తాడు.

మొదటిసారి లోపల బోలెడు దుమ్ము దొరికింది. దులిపితే దారికొచ్చింది. వారం తిరిగేసరికి మళ్లీ నత్తనడక. ర్యామ్ పెంచాడు. పాత డిస్కు పీకి కొత్తది వేశాడు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాడు. అక్కర్లేని ప్రోగ్రాములన్నీ ఏరిపారేశాడు. ఎన్ని చేసినా వారంలో బుద్ధిగా ఉన్నట్టే ఉండి, శనివారం సాయంత్రానికి కథ మొదటికొచ్చేది.

"మెకానిక్కుకి చూపిస్తే?" అందొకసారి.

"నేను బిగించినదాని మీద ఇంకొకడు చెయ్యి వేస్తాడా?" అని కస్సుమన్నాడు. ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఒక ఆదివారం చెల్లెలింటికి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చి చూస్తే పేపర్లు పరచలేదు, మూత తియ్యలేదు. "టార్చి పట్టే మనిషి లేదుగా" అన్నాడు.

ఈ ఆదివారం కూడా ఎప్పట్లాగే గడిచేదే. కానీ నేల మీంచి లేవబోతుంటే ఆయనకు మోకాలు పట్టేసింది. బల్ల పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఇది నా ప్రాణం తీస్తోందోయ్" అన్నాడు నవ్వబోతూ.

ఆవిడకు నవ్వు రాలేదు. ఆయన అవస్థ పడుతుంటే తను సంబరపడుతోందా? సిగ్గేసింది. అది బాగైపోతే ఆదివారం కూడా ఆ తలుపు మూసుకుంటుంది. ఆ సంగతి బాగా తెలుసు. పోతే పోనీ, మనిషి సుఖపడితే చాలనుకుంది.

శుక్రవారం ఆయన ఏదో స్థలం కొలతలకు వెళ్లాడు. ఆవిడ షాపుకు సెలవు పెట్టి, వీధి చివరి మెకానిక్‌ను పిలిపించింది.

"ఎంతయినా ఫర్లేదు బాబూ, ఇంకెప్పుడూ మొరాయించకూడదు" అంది. అలవాటుకొద్దీ టార్చి కూడా తెచ్చుకుని నిలబడింది.

మెకానిక్ మీట నొక్కాడు. ఆవిడ కుర్చీ లాక్కునేలోపే తెర వెలిగింది, ప్లాన్లు టకటకా తెరుచుకున్నాయి.

"రయ్యిన పోతోంది కదమ్మా?"

"ఇవాళ శుక్రవారం కదా. దీని వేషాలు రేపు సాయంత్రం చూడాలి."

వారం చూసుకుని జబ్బుపడే మెషీన్ గురించి అతనెప్పుడూ వినలేదు. ఆవిడ వంక ఒకలా చూసి, మూత జోలికి పోకుండా తెర మీదే ఏవేవో తెరిచి వెతికాడు. ఒకచోట ఆగాడు. మళ్లీ చదివాడు.

"ఏంటి బాబూ, పెద్ద రోగమేనా?" టార్చిని రెండు చేతులా పట్టుకుంది ఆవిడ.

"రోగమేం లేదమ్మా, ప్రతి శనివారం సాయంత్రం స్పీడు పడిపోవాలి, సోమవారం పొద్దున్నే మళ్లీ రావాలి అని సారే ఇందులో టైము పెట్టుకున్నారు, తీసేయమంటారా?"